బిడారులు కూలబడే వేళ

"నాలుగోసారి అడుగుతున్నాను సల్వా. నిన్న సాయంత్రం ఆరూ ఇరవై రెండుకి నువ్వెక్కడున్నావ్?"

"నేనూ నాలుగోసారే చెబుతున్నాను, బాబాయ్. ఇంట్లో. ఖర్జూరం నోట్లో ఉంది."

ఊరంతా డిటెక్టివ్ అని పిలిచే బూషైబ్ పెన్నును బల్ల మీద విసిరికొట్టాడు. అది దొర్లి కింద పడింది. వంగి తీసుకునే ఓపిక లేక అలాగే వదిలేశాడు. తొమ్మిదో రోజు ఉపవాసం. పొద్దున్నించి కాఫీ లేదు, సిగరెట్ లేదు. కణతల్లో ఎవరో మేకు దిగ్గొడుతున్నట్టుంది. రంజాన్‌లో మధ్యాహ్నం రెండు దాటాక ఈ మొరాకో రేవు ఊరు అల్ జదీదాలో మనిషి మనిషిని కదపకూడదు. రెండు ట్యాక్సీల అద్దాలు రాసుకుంటే చాలు, డ్రైవర్లిద్దరూ దిగి కాలర్లు పట్టుకుంటారు, ఆపడానికి వచ్చినవాడు మూడో కాలర్ పట్టుకుంటాడు. అలాంటి వేళలో ఒక కంప్యూటర్ ఆట గురించి విచారణ చెయ్యాల్సి రావడం తన ఖర్మ.

కానీ సల్వా తండ్రి టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో ఇరవై ఏళ్ళు తన పక్క కుర్చీలో కూర్చున్నవాడు. ఆయన పోయాక ఆ పిల్ల బూషైబ్‌ని ఏదైనా అడగడం ఇదే మొదటిసారి. ఎలా కాదంటాడు?

"మళ్ళీ మొదటినించీ చెప్పు. నాకు అర్థమయ్యేట్టు చెప్పు."

సల్వా పళ్ళు కొరుక్కుంది. ఇరవై మూడేళ్ళ పిల్ల, రెండు రోజులుగా నిద్రలేదని కళ్ళే చెబుతున్నాయి.

"కాఫిలా అనే ఆట. మన సర్వర్ మీద రెండు వేలమంది ఆడతారు. ఇసుకలో ఒంటెల బిడారు నడపాలి, సరుకు చేర్చాలి. చాట్‌లో గీత కొట్టి ఒక మాట రాస్తే అది కమాండ్. 'ఇంటికి' అని కొడితే బిడారు ఇంటిదారి పడుతుంది. 'నీళ్ళు' అంటే బావి దగ్గరికి పోతుంది. ఎనిమిది రోజులుగా సాయంత్రం కాసేపు కమాండ్లకు పిచ్చెక్కుతోంది. 'ఇంటికి' కొట్టినా, 'నీళ్ళు' కొట్టినా, ఏది కొట్టినా ఒంటెలు కూలబడి సరుకు దించేస్తున్నాయి. పాతిక నిమిషాల తర్వాత లేచేసరికి సరుకు ఉండట్లేదు. ఇప్పటికి నలభై మూడు బిడారులు పోయాయి."

"ఆ కూలబడే ఏర్పాటు నువ్వు చేసిందే."

"నేనే చేశాను! దాచానా? ఇఫ్తార్ విరామం అది. అజాన్ వినగానే అందరూ భోజనానికి లేస్తారు. ఆ సమయంలో ఎవడో ఒకడు కూర్చుని మిగతావాళ్ళని దోచుకోకుండా, అజాన్ నిమిషానికి సర్వర్ ఆగిపోవాలి. మసీదు క్యాలెండర్ చూసి ముప్ఫై రోజుల టైములూ రాసిపెట్టాను. అది సరిగ్గానే ఆగుతోంది. సర్వర్ రాసుకునే లాగ్ చూడండి. నిన్న అజాన్ ఆరూ ఇరవై రెండు, లాగ్‌లో విరామం ఆరూ ఇరవై రెండు. ఇందులో నా తప్పేంటి?"

"విరామంలో అందరూ ఆగిపోతే సరుకు ఎత్తుకెళ్ళేది ఎవరు?"

సల్వా తల దించుకుంది. "కాపలా తాళం ఉన్నవాళ్ళు మాత్రమే కదలగలరు. ఏదైనా పాడైతే బాగుచెయ్యడానికని మూడు తాళాలు వదిలాం. ఒకటి నాది, ఒకటి హాజ్జా రఖియ్యాది, ఒకటి ఆ ఇంజనీరుది."

హాజ్జా రఖియ్యా ఈ ఆటల సెంటరు యజమానురాలు. కింద ముప్ఫై కంప్యూటర్లు, పైన సర్వర్ గది, రెండూ ఆమెవే. ఆమె కొడుకు జుహైర్ అల్ జదీదా జట్టు కెప్టెన్. ఆ జట్టు రేపు కాఫిలా లీగ్ ఫైనల్ ఆడబోతోంది.

"ఆ మూడింట్లో ఏది కదిలిందో లాగ్ చెప్పదా?"

"చెప్పదు. కాపలావాళ్ళు మ్యాప్ మీద కనబడరు, లాగ్‌లో 'కాపలా' అని తప్ప పేరు పడదు. అందరి లైన్లూ సర్వర్ గుండానే పోతాయి, ఎవరింటినించో కూడా తెలీదు. వెనకటికి ఆటగాళ్ళు పేర్లు తెలుసుకుని బూతులు తిట్టేవారని అలా పెట్టారు."

బాగుంది, అనుకున్నాడు బూషైబ్. దొంగకి ఇంతకంటే మర్యాద ఎవరు చేస్తారు!

గ్లాసు తలుపు తోసుకుని ఇంజనీరు నిజార్ లోపలికొచ్చాడు. కాసాబ్లాంకా నించి లీగ్ పంపిన మనిషి. ఇస్త్రీ చొక్కా, చేతిలో ప్లాస్టిక్ కవర్లో కాగితాల కట్ట. ఉపవాసం ఉన్నాడో లేదో మొహం చూసి చెప్పడం కష్టం. అది చూస్తేనే బూషైబ్‌కి ఒళ్ళు మండింది.

"ఇంకా అయిపోలేదా పెద్దాయనా?"

"మీకు తొందరగా ఉంటే వెళ్ళి రండి ఇంజనీరు గారూ. కాసా బస్సు మూడింటికి."

"నా రిపోర్టు ఆరింటికి వెళ్తుంది. దాంతో పాటే నేనూ." నిజార్ కాగితాలు బల్ల మీద పరిచాడు. "విరామం ఎవరి పేరున ఉంది? ఈమె పేరున. ఎత్తుకెళ్ళింది ఎవరు? కాపలా తాళం. అల్ జదీదా జట్టువి ఎన్ని బిడారులు పోయాయి? ఒక్కటీ పోలేదు. ఈమె ఏ ఊళ్ళో పనిచేస్తుంది? ఇంక విచారించడానికి ఏముంది? ఈమెకి జీవితాంతం నిషేధం, జెండార్మ్ పోలీసులకి ఒక ఫిర్యాదు. రేపటి ఫైనల్ మాత్రం ఆగదు."

"నా పేరు ఒకసారి ఆ లిస్టులోకి ఎక్కితే ఏ సర్వర్ వాళ్ళూ నన్ను గడప తొక్కనివ్వరు," అంది సల్వా. "నాకు ఇదొక్కటే పని వచ్చు."

"ఆ సంగతి దొంగతనానికి ముందు ఆలోచించాల్సింది."

"నోరు అదుపులో పెట్టుకో," అన్నాడు బూషైబ్. గారూ, మీరూ రెండూ ఎగిరిపోయాయి. "ఆరు కొట్టేదాకా ఆమె దొంగ కాదు. ఆ నలభై మూడు మందిలో ఈ ఊరివాళ్ళు ఎవరైనా ఉన్నారా?"

నిజార్ లిస్టు తిరగేశాడు. "ఒక్కడే. లార్బీ. చేపల పడవవాడట."

*

లార్బీ రేవు పక్కన వల బాగుచేసుకుంటున్నాడు. యాభై దాటిన మనిషి, చేతులు తాళ్ళలా ఉన్నాయి. బూషైబ్ ఇలాంటివాడు కాఫిలా ఆడతాడని ఊహించలేదు.

"ఏం, చేపలవాడు ఒంటెలు తోలకూడదా?" లార్బీ సూదిని గట్టిగా లాగాడు. "రోజంతా నీళ్ళే చూస్తాను. కాసేపు ఇసుక చూస్తే కళ్ళకు హాయి. పదమూడు ఒంటెల సరుకు పోయింది నాది. ఊరికే పోయింది. తలుచుకుంటే ఇప్పటికీ కడుపు రగిలిపోతోంది."

"ఏ టైముకి పోయింది?"

"ఫిర్యాదులో రాశానుగా."

"ఫిర్యాదు మీద టైము సర్వర్ వేసింది. ఆరూ ఇరవై అయిదు. నువ్వు చెప్పు."

"నాకు గడియారం లేదు. సాయంత్రం."

"అజాన్ వినబడ్డాకా?"

లార్బీ సూది ఆపి బూషైబ్‌ని ఎగాదిగా చూశాడు. మతి తప్పినవాణ్ణి చూసే చూపు అది.

"నువ్వు ముస్లిమువేనా?"

"అడిగిందానికి చెప్పు."

"తెల్లారుజామున తిన్నదే, సాయంత్రం దాకా గుక్కెడు నీళ్ళు లేకుండా ఎండలో వల లాగినవాణ్ణి. అజాన్ వినబడిన నిమిషంలో నేను ఫోను పట్టుకుని ఒంటెల్ని తోలుకుంటానా? అజాన్‌కి పావుగంట ముందే మా ఆవిడ హరీరా సూపు గిన్నె బల్ల మీద పెడుతుంది. ఆ గిన్నె ముందు ఫోను కనబడితే గిన్నెతోనే కొడుతుంది. ముప్ఫై రెండేళ్ళ కాపురంలో అజాన్ వేళకి నా చేతిలో ఖర్జూరం తప్ప ఇంకోటి లేదు."

"మరి అజాన్‌కి ముందా?"

"చాలా ముందు. ఆవిడ ఇంకా సెనగలు వేస్తూనే ఉంది. అందుకేగా కమాండ్లు చెడిపోయాయని ఫిర్యాదు చేశాను. అజాన్‌కి ఆట ఆగుతుందని వాళ్ళు ముందే చెప్పారు. అదే అయితే అజాన్‌కి రావాలి. ఇది వేరే రోగం."

బూషైబ్‌కి తన మీద తనకే కోపం ముంచుకొచ్చింది. కాగితం ముందు కూర్చుని నాలుగుసార్లు ఆరూ ఇరవై రెండు, ఆరూ ఇరవై రెండు అని ఆ పిల్ల ప్రాణం తోడాడు. దేశం మొత్తం ఖర్జూరం పట్టుకుని కూర్చునే నిమిషం అది. నలభై మూడు మంది ఆ నిమిషంలోనే కీబోర్డు ముందు ఎందుకున్నారు అన్న ప్రశ్న ఒక్కసారి కూడా తట్టలేదు. ఉపవాసం కడుపుకి గానీ బుర్రకి కాదు కదా!

ఫోను తీసి సల్వాకి చేశాడు. "విరామంలో చిక్కుకున్నవాళ్ళు అజాన్ వేళకి ఆడుతున్నారంటే నీకు వింతగా అనిపించలేదా?"

"ఆటపిచ్చోళ్ళు బాబాయ్. ఒక చేత్తో తింటారు, ఇంకో చేత్తో కొడతారు. పైగా కొందరు అజాన్‌కి ముందంటారు, కొందరు తిని వచ్చాక చూసుకున్నామంటారు. తూర్పున ఊజ్దాలో సూర్యుడు మనకంటే అరగంట ముందు మునుగుతాడు, అగాదీర్‌లో ఇంకోలా. ఎవరి అజాన్ లెక్క వాళ్ళది. అందుకే లాగ్‌నే నమ్మాం."

"నేనూ అదే నమ్మాను. సర్వర్ గది తాళంచెవి ఎవరి దగ్గరుంటుంది?"

"ఖాల్తీ రఖియ్యా దగ్గర." హాజ్జాని సల్వా పిలిచేది అలాగే, పిన్నీ అని.

*

సర్వర్ గది పైమెట్టు ఎక్కేసరికి బూషైబ్‌కి ఆయాసం వచ్చింది. గదిలో ఏసీ చల్లగా ఉంది. ఒక మూల నిలువు బీరువాలా సర్వర్ పెట్టె, దాని పక్కన చిన్న తెర, తెర ముందు పరిచిన నమాజు చాప. హాజ్జా రఖియ్యా తాళం తీసి వెనకే వచ్చింది. యాభై ఎనిమిదేళ్ళ మనిషి, చేతిలో జపమాల.

"మా ఇంట్లోకంటే ఇక్కడే చల్లగా ఉంటుంది. రోజూ మధ్యాహ్నం అస్ర్ నమాజు ఇక్కడే చదువుకుంటాను. నువ్వు నీ పని చూసుకో నాయనా, నేను అడ్డం రాను."

బూషైబ్ తీగలు వెతికాడు, స్విచ్చులు లెక్కపెట్టాడు. పెట్టె వెనక దుమ్ము తప్ప ఏమీ లేదు. కొత్త తీగ లేదు, ఊడదీసిన మర లేదు. నడుం పట్టేసింది. లేచి నిలబడబోతుంటే కిటికీలోంచి పెద్దమసీదు అస్ర్ అజాన్ వినబడింది. అలవాటుగా ఫోను చూసుకున్నాడు. మూడూ నలభై అయిదు.

తెర మూల చూశాడు. నాలుగూ నలభై అయిదు.

మళ్ళీ ఫోను చూశాడు. మళ్ళీ తెర చూశాడు.

"హాజ్జా, ఇది ఏ టైము?"

హాజ్జా రఖియ్యా చాప మీద నిలబడి తలగుడ్డ సర్దుకుంటోంది. వెనక్కి తిరగకుండానే చెప్పేసింది. "అది కొత్త గంట. దాన్ని చూడకు."

మాట బయటికొచ్చాక ఆమె చెయ్యి తలగుడ్డ మీదే ఆగిపోయింది.

ఆ ఒక్క ముక్కతో బూషైబ్‌కి తలనొప్పి సగం దిగింది. రంజాన్ ముందు ఆదివారం దేశమంతా గడియారాల్ని గంట వెనక్కి తిప్పుకుంటుంది. పండగ అయ్యాక మళ్ళీ ముందుకి. నెల్లాళ్ళపాటు ఎవరిని టైమడిగినా "పాత గంటా, కొత్త గంటా?" అని ఎదురడుగుతారు. ఫోన్లు వాటంతటవే తిరిగాయి. ఈ పెట్టె తిరగలేదు. సల్వా రాసిన ఆరూ ఇరవై రెండు పాత గంట. పెట్టెకి తెలిసిన ఆరూ ఇరవై రెండు కొత్త గంట. అంటే విరామం అజాన్‌కి సరిగ్గా గంట ముందు, జనం ఇంకా ఆడుతుండగానే వచ్చి పడుతోంది.

"ఇది తప్పుగా నడుస్తోందని మీకెప్పటినుంచి తెలుసు హాజ్జా?"

"నాకేం తెలుసు? నేను నమాజుకి వస్తాను, గడియారాలు చూడ్డానికి కాదు." ఆమె చేతులు కట్టుకుని నమాజు మొదలుపెట్టింది. నమాజులో ఉన్న మనిషిని ప్రశ్నించలేడు. బూషైబ్ పిడికిలి బిగించి మెట్లు దిగాడు.

*

"గడియారాన్ని అలా ఉంచేసింది నేనే," అన్నాడు నిజార్. చొక్కా ఇస్త్రీ అలాగే ఉంది గానీ మొహం నలిగింది. "అల్జీర్స్, ట్యూనిస్ సర్వర్లతో సమానంగా ఉండాలని రంజాన్‌కి ముందు శుక్రవారమే దాన్ని మారకుండా కట్టేశాను. మొరాకో వాళ్ళు రంజాన్‌కి గంట మార్చుకుంటారని అక్కడి ఆఫీసులో ఎవరికీ..."

"నువ్వు మొరాకో వాడివే కదయ్యా!"

"నేను శనివారం పరీక్ష చేశాను, సరిగ్గానే ఆగింది," అంది సల్వా. "ఆదివారం గంట మారింది. రంజాన్‌లో అయిదింటికి సెంటరు మూసేస్తాం. నేను ఇంటికెళ్ళే అజెమ్మూర్ బస్సులో ఇరుక్కుని ఉంటాను. ఆ గంటలో ఏం జరుగుతోందో చూసేవాళ్ళే లేరు." కళ్ళలో నీళ్ళు తిరిగాయి, అవి కోపానివో ఏడుపువో ఆమెకే తెలీదు. "ఎనిమిది రోజులు నన్ను దొంగ అన్నారు మీరు. తప్పు మీది!"

నిజార్ గబగబా లేచాడు. "ఇప్పుడే సరిచేసేస్తాను. ఒక్క నిమిషం పని."

బూషైబ్ కాలు అడ్డం పెట్టాడు. ఇంజనీరు తూలి కుర్చీ పట్టుకున్నాడు.

"దాన్ని ముట్టుకున్నావంటే వేళ్ళు విరుగుతాయి. సరిచేసి, నీ తప్పు తుడిచేసి, రిపోర్టులో ఈ పిల్ల పేరు అలాగే ఉంచుదామనా?"

"గడియారం తప్పయితే దొంగతనం లేనట్టేగా!"

"గడియారం ఒంటెల్ని కూలబెట్టింది. సరుకు ఎత్తుకెళ్ళింది గడియారం కాదు. ఆ గంట తేడా తెలిసినవాడు ఒకడున్నాడు. రోజూ దానికోసం కాచుకుని కూర్చుంటున్నాడు. ఈ రోజు అజాన్ ఆరూ ఇరవై మూడు. అంటే మన అయిదూ ఇరవై మూడుకి వాడు మళ్ళీ వస్తాడు. మూడు తాళాలవాళ్ళూ పై గదిలో నా కళ్ళ ముందుండాలి. చేతులు బల్ల మీద పెట్టాలి."

"ఇది పిల్లలాట," అన్నాడు నిజార్.

"అందుకే నీకు అర్థం కాలేదు."

*

అయిదూ ఇరవైకి నలుగురూ తెర ముందున్నారు. సల్వా చేతులు బల్ల మీద. నిజార్ చేతులు బల్ల మీద, అయిష్టంగా. హాజ్జా రఖియ్యా గోడ పక్కన కుర్చీలో జపమాల తిప్పుతోంది. రమ్మంటే మారుమాట లేకుండా వచ్చింది, అదే బూషైబ్‌కి నచ్చలేదు.

తెర మీద ఇసుక. వందల బిడారులు చీమల బారుల్లా కదులుతున్నాయి. పక్కన చాట్ గలగలా పారుతోంది. తెర మూల టైము ఆరూ ఇరవై రెండు నించి ఆరూ ఇరవై మూడుకి మారింది.

మొదట ఒక బిడారు కూలబడింది. తర్వాత అయిదు, ఆ తర్వాత పాతిక. 'ఇంటికి' కొట్టినవాడిదీ, 'అమ్ము' కొట్టినవాడిదీ, 'నీళ్ళు' కొట్టినవాడిదీ, అందరి ఒంటెలూ మోకాళ్ళ మీద కూర్చుని మూటలు దించేశాయి. చాట్‌లో తిట్లు మొదలయ్యాయి. "మళ్ళీనా! ఏం సర్వర్‌రా ఇది!" "సల్వా, నీ పని అయింది!" ఆ పిల్ల కళ్ళార్పకుండా చదువుతోంది.

అయిదూ ఇరవై ఆరుకి ఉత్తరం మూల ఒక మూటల కుప్ప మాయమైంది. ఇరవై ఎనిమిదికి దాని పక్కది.

బూషైబ్ ఆరు చేతులూ చూశాడు. ఆరూ కనబడుతున్నాయి. జపమాల తిప్పే వేళ్ళు తప్ప ఒక్క వేలు కదల్లేదు. మూడో కుప్ప పోయింది.

"చూశారా?" నిజార్‌కి గొంతు తిరిగొచ్చింది. "చేతులక్కర్లేదు. ఈమె ముందే రాసిపెట్టింది. విరామంలాగే ఇదీ దానంతటదే నడుస్తోంది. మీ పథకం ఈమెనే పట్టించింది పెద్దాయనా. ఆరింటికి నా రిపోర్టులో ఇదే రాస్తాను, గడియారం ఊసు లేకుండా."

"గడియారం ఊసు ఎందుకుండదు?"

"ఎవరు చెబుతారు? మీరా? లాగ్ ఏం చెబుతుందో అదే లీగ్ వింటుంది. లాగ్‌లో ఆరూ ఇరవై మూడు."

బూషైబ్‌కి బల్ల ఎత్తి పడెయ్యాలనిపించింది. ఆ మాట నిజం. ఇక్కడ నలుగురు చూశారు. అందులో ఒకడు అబద్ధమాడతాడు, ఒకామె జపమాల తిప్పుతుంది, ఒకామె నిందితురాలు. మిగిలింది తను, టెలిఫోన్లు బాగుచేసుకునే పాత మనిషి. హాజ్జా వైపు తిరిగాడు.

"మీరైనా చెప్పండి హాజ్జా. ఈ గంట తప్పని మీకు తెలుసు."

"నన్ను ఇందులోకి లాగకు," అంది ఆమె, తల ఎత్తకుండా. "అమ్మాయికి ఇంకో పని నేనే చూసిపెడతాను. చిన్నపిల్ల, ఒక్క పేరు పోయినంత మాత్రాన..."

సల్వా చేతులు బల్ల మీంచి లేచాయి.

"కూర్చో!" అన్నాడు నిజార్.

"నేను కూర్చోను. ఎనిమిది రోజులు కూర్చున్నాను." ఆమె నిజార్ కుర్చీని పక్కకి తోసి కీబోర్డు లాక్కుంది. "ఒక్క పేరా ఖాల్తీ? నాకున్నదే ఆ ఒక్కటి! లీగ్ లాగ్‌నే వింటుందట. సరే, లాగ్‌తోనే చెప్పిస్తాను."

విరామంలో కమాండ్లు చెల్లవు గానీ మామూలు మాటలు చెల్లుతాయి. కాపలా తాళంతో రాస్తే ఆ మాట అందరి తెరల మీదా పెద్దక్షరాల్లో కనబడుతుంది. సల్వా టైపు చేసింది:

"నేను సల్వాని. నన్ను తిట్టేముందు ఒక్క పని చెయ్యండి. మీ ఫోనులో టైమెంతో చూసి, ఇక్కడ రాయండి. అందరూ రాయండి."

చాట్ ఒక్క క్షణం ఆగింది. తర్వాత ఎవరో రాశారు: "5:31." ఆ మాట పక్కన సర్వర్ తన ముద్ర వేసింది, 6:31 అని.

తర్వాత వరద వచ్చింది. ఊజ్దా నించి 5:31. అగాదీర్ నించి 5:31. లార్బీ గడియారం లేనివాడు, ఈసారి ఫోనులో టైము చూసినట్టున్నాడు, "5:31, ఆవిడ సెనగలు వేస్తోంది" అని రాశాడు. ఒక్కో మాట పక్కనా 6:31 అని ముద్ర పడుతూనే ఉంది. వందలు దాటింది. ఎవడో తేడా కనిపెట్టాడు. "అయ్యో, సర్వర్ కొత్త గంటలో ఉందిరా!" అని రాశాడు. ఇప్పుడది రెండు వేల ఫోన్లలో ఉంది. ఏ ఇంజనీరూ తుడవలేడు.

నిజార్ కాగితాల కట్ట మెల్లగా కవర్లో పెట్టేసుకున్నాడు.

బూషైబ్‌కి నవ్వొచ్చింది, ఈ రోజు మొత్తంలో మొదటిసారి. సల్వా భుజం తట్టబోయాడు. ఆమె తెర మీద వేలు పెట్టి బిగుసుకుపోయి ఉంది.

"బాబాయ్. ఇది చదవండి."

కిందనించి మూడో వరస. అందరిలాగే ఒక 5:31, కానీ పెద్దక్షరాల్లో. కాపలావాళ్ళు మ్యాప్ మీద కనబడరు, లాగ్‌లో పేరు పడదు. కానీ చాట్‌లో నోరు విప్పితే పేరు దాగదు. అందరూ రాస్తుంటే తనొక్కడే రాయకపోతే అనుమానం వస్తుందనుకున్నాడో, అలవాటు కొద్దీ రాసేశాడో, ఆ రాసినవాడు తన సొంత పేరున్న కిటికీ బదులు కాపలా తాళంతో తెరిచిన రెండో కిటికీలో రాశాడు.

ఆ వరస ముందు పేరు: హాజ్జా రఖియ్యా.

ఉత్తరం మూల నాలుగో మూటల కుప్ప సగంలో ఆగిపోయింది.

గోడ పక్కన జపమాల చప్పుడు కూడా ఆగింది. బూషైబ్ అటు తిరగలేదు. తిరగాల్సిన అవసరం లేదు.

"ఇంట్లో ఎవరున్నారు హాజ్జా?"

ఆమె బూషైబ్‌తో కాదు, సల్వాతో మాట్లాడింది. "రెండో రోజు అస్ర్‌కి చూశాను. రాత్రి భోజనాల దగ్గర నవ్వుతూ చెప్పాను మా అబ్బాయికి, ఆ పెట్టె ఇంకా కొత్త గంటలోనే ఉందిరా అని. వాడూ నవ్వాడు. వాడేం చేస్తున్నాడో నాకు తెలిసేసరికి అందరూ నిన్ను అనేశారు. రేపు వాడికి ఫైనల్ తల్లీ. పంతొమ్మిదేళ్ళవాడు."

ఆమె లేచి నిలబడింది. నిజార్ వైపు తిరిగి, గొంతు పెంచింది.

"రాసుకో బాబూ. నా తాళం, నా పేరు. చేసింది నేనే. మా అబ్బాయికి ఏమీ తెలీదు."

నిజార్ పెన్ను తీశాడు. ఆరింటికి ఒక పేరు కావాలి. ఎవరిదైనా ఒకటే అతనికి.

సల్వా తెర ముందునించి లేచి హాజ్జా దగ్గరికి నడిచింది. జపమాల పట్టుకున్న ఆ రెండు చేతుల్నీ తన చేతుల్లోకి తీసుకుని, అందరికీ కనబడేలా పైకెత్తింది.

"మీ చేతులు ఇక్కడే ఉన్నాయి ఖాల్తీ," అంది. "రాసినవాడి పేరు చెప్పండి."